ఊఁ కొట్టే పెట్టె

ఆ ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. కొత్త కంప్యూటర్ కొనాలి, మధ్యాహ్నం దెయ్యం కథ చదివి రికార్డు చేయాలి, సాయంత్రానికి కంపెనీకి పంపాలి. కథలు చదవడమే అతని వృత్తి. వినే పుస్తకాలు తయారుచేసే కంపెనీ పుస్తకాలు పంపుతుంది. అతను ఇంట్లో స్టోర్ రూము గోడలకు పాత రగ్గులు వేలాడదీసుకుని మైకు ముందు చదువుతాడు. చిక్కల్లా పాత కంప్యూటరుతోనే. దాని ఫ్యాను పిండిమరలా మోగుతుంది. కంపెనీ మేడం ఓపిక పట్టీ పట్టీ చివరికి చెప్పేసింది: ఈసారి వెనకాల ఏ చప్పుడు వినిపించినా పని ఇంకొకరికి పోతుంది.

ఆ పని పోతే అతనికి ఇంట్లో మొహం చెల్లదు. బంగారంలాంటి బ్యాంకు ఉద్యోగం వదిలి ఈ పనిలోకి దిగిన రోజున, వాళ్లతోనే ఉండే మామగారు ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఇంకేమీ అనలేదు. ఏడాదైంది. భోజనాల దగ్గర ఉప్పు గిన్నె అల్లుడి మోచేతి పక్కనే ఉన్నా, కూతురు వంటింట్లోంచి వచ్చి అందించాల్సిందే.

దుకాణంలో కంప్యూటర్లాయన బల్ల మీద పెట్టెలన్నీ వరసగా పేర్చాడు. ఒకటి టిఫిన్ డబ్బా అంత, ఒకటి అరచేయి అంత. చిన్నది కావాలా, చప్పుడు లేనిది కావాలా ముందు తేల్చుకోమన్నాడు. చిన్న పెట్టెలో చిన్న ఫ్యానే పడుతుందట, గాలి చాలక అది గిర్రున తిరిగి దోమలా కూస్తుందట. పిట్ట కొంచెం కూత ఘనం. చివరికి పక్కటెముకలు పైకి తేలినట్టున్న నల్ల పెట్టె ఒకటి ముందుకు తోశాడు.

"దీనికి ఫ్యానే లేదు సార్. వేడంతా ఒంటితోనే వదిలేస్తుంది. ఊపిరి కూడా తీసుకోదు."

ఆ మాట అల్లుడికి ఎందుకో నచ్చలేదు గానీ పెట్టె నచ్చింది. రికార్డింగు ఆపగానే ఫైలు దానంతటదే కంపెనీకి వెళ్లే ఏర్పాటు కూడా చేయించుకుని, ఇంటికి తెచ్చి కంప్యూటర్ తెర వెనక బిగించాడు.

భార్య ఆఫీసుకు వెళ్లిపోయింది. మామగారు రోజూలాగే గొడుగు తీసుకుని పార్కుకు బయలుదేరారు. వీధి తలుపు మూసుకున్న చప్పుడైంది. ఇంట్లో ఇక ఎవరూ లేరు. స్టోర్ రూములో అంత నిశ్శబ్దాన్ని అతను ఎన్నడూ వినలేదు. నీలి దీపం ఒక్కటి వెలుగుతోంది. ఎవరో ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టుంది. కంపెనీకి వెళ్లే ఏర్పాటును కాసేపు ఆపేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, పరీక్షకని ఒక పేజీ చదివి, వెనక్కి తిప్పి విన్నాడు.

"తాళం వేసిన తలుపు వెనక ఎవరో నిలబడి ఉన్నారని ఆమెకు తెలిసింది," అంది అతని గొంతు.

"ఊఁ," అంది ఇంకో గొంతు.

అల్లుడు వెనక్కి తిప్పాడు. మళ్లీ విన్నాడు. ప్రతి వాక్యం చివరా ఉంది. లోతుగా, మెల్లగా, నేల కింద నుంచి వచ్చినట్టు. గోడలకు చెవులుంటాయని అందరూ అంటారు గానీ నోరుంటుందని ఎవరూ చెప్పలేదు. దుకాణానికి ఫోన్ చేశాడు.

"మీ పెట్టెలోంచి ఊఁ వస్తోందండీ."

"హమ్మా సార్? కరెంటు గుయ్యిమంటోందా?"

"హమ్ము కాదు. ఊఁ."

"ఊఁ, చెప్పండి సార్."

"చెబుతున్నాను కదా. ఊఁ."

"వింటున్నా సార్. ఊఁ."

అది ఫోన్లోకి కూడా వచ్చేసిందనుకుని అల్లుడు ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాడు. కంప్యూటర్లాయన మాత్రం ఇది ఎర్తు సరిగా లేని ఇల్లని తేల్చి, ఎలక్ట్రీషియన్‌ను పంపాడు. ఎలక్ట్రీషియన్ పెరట్లో నిలువు లోతు గొయ్యి తవ్వి, అందులో ఉప్పూ బొగ్గూ పోస్తూ తీగ దించడం మొదలుపెట్టాడు. పక్కింటావిడ గోడ మీదుగా చూసింది. చూసి ఊరుకునే మనిషి కాదు.

ఈలోగా అల్లుడు ఇంకో పరీక్ష చేశాడు. కరెంటు బిల్లు గట్టిగా చదివి విన్నాడు, ఊఁ లేదు. మళ్లీ కథ చదివాడు, ఉంది. అంటే ఆ వచ్చిందేదో కథలకు వచ్చింది. అంతలో భార్య ఫోన్.

"పెరట్లో గొయ్యి తవ్వించి ఉప్పు పోయించారట. ఎందుకు? నాన్న ఏరి?"

"పార్కుకి వెళ్లారు."

"పార్కు వాచ్‌మన్‌ని అడిగాను. నాన్న అటు వచ్చి ఏడాదైందట. మీరు ఆ గొయ్యి పూడ్చకండి. నేను వస్తున్నా."

అల్లుడు వేళ్లు మడిచి లెక్క కట్టాడు. మామగారు పార్కుకు వెళ్లక ఏడాది. తనతో మాట్లాడకా ఏడాది. మరి రోజూ గొడుగు పట్టుకుని బయటికి పోతున్నది ఎవరు? భోజనాల దగ్గర ఎదురుగా కూర్చుని, ఉప్పు కూడా అడగకుండా తినేసి లేచిపోతున్నది ఎవరు? భయపడ్డవాడికి లెక్క తప్పదు, తర్కమే తప్పుతుంది. ఆ ఊఁ ముసలి గొంతు అని అప్పుడు స్ఫురించింది.

అయినా సాయంత్రంలోగా కథ పంపకపోతే బతుకు లేదు. పంపే ఏర్పాటు మళ్లీ పెట్టి, హెడ్‌ఫోన్ తీసేసి, మొదటి నుంచీ చదివాడు. ఆమె తాళం తీసింది. తలుపు కొంచెం తెరిచింది. లోపల ఉన్నది నెమ్మదిగా ఇటు తిరిగింది. అక్కడ చదవడం ఆపి చెవి రిక్కించాడు.

చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత రగ్గు వెనక గోడలోంచి, మూలుగులా వచ్చింది.

"ఊఁ... తర్వాత?"

అల్లుడు పెట్టిన కేకకు పెరట్లో ఎలక్ట్రీషియన్ గొయ్యిలోకి జారాడు. పారిపోదామని పరుగెత్తినవాడు వీధి తలుపనుకుని పక్కగది తలుపు తోశాడు. అక్కడ ముక్కాలి పీట మీద, చెప్పులు కూడా విప్పకుండా, ఒళ్లో గొడుగు పెట్టుకుని, గోడకు చెవి ఆనించి మామగారు కూర్చుని ఉన్నారు. ముందు తలుపులోంచి వెళ్లి, పెరటి తలుపులోంచి వచ్చి, ఏడాదిగా ఒక్క కథా వదలకుండా విన్నారన్నమాట. ఫ్యాను మోతలో ఆయన ఊఁ ఇన్నాళ్లూ కొట్టుకుపోయింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మామగారు గొడుగు కేసి చూశారు. అల్లుడికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. తన గొంతు కోసం ఈ మనిషి రోజూ దొంగలా సొంత ఇంట్లో దూరుతున్నాడు. ఆ ఆనందంలో స్టోర్ రూముకు వెళ్లి రికార్డింగు ఆపాడు. ఆపగానే ఊఁలూ, తర్వాతా, తన కేకా అన్నీ కలిసి కంపెనీకి వెళ్లిపోయాయి.

భార్య వచ్చి తండ్రిని తడిమి చూసుకుంటుండగా మేడం ఫోన్ వచ్చింది. అల్లుడు క్షమాపణ మొదలుపెట్టాడు. ఆవిడ వినలేదు.

"ఆ ఊఁ ఎవరిది? మా ఆఫీసులో ఒక్కరూ ఒంటరిగా వరండాలోకి వెళ్లడం లేదు. ఇక అన్ని పుస్తకాలకూ అదే కావాలి. కావాలంటే చదివే గొంతు మారుస్తాం. ఊఁ మాత్రం ఆయనే కొట్టాలి."

అల్లుడు పీట దగ్గర చతికిలబడి ఉన్నదంతా చెప్పుకున్నాడు. ఈ పని ఇక ఆయన చేతిలోనే ఉందన్నాడు, రేపటి నుంచి గోడ అవతల కాదు, మైకు పక్కనే కూర్చుని కథకు ఊఁ కొట్టమన్నాడు. "మీ ఇష్టం మామయ్యగారూ," అన్నాడు. మామగారు ఆసాంతం శ్రద్ధగా విన్నారు. గొంతు సవరించుకున్నారు.

"ఊహూఁ," అన్నారు.

ఏడాది తర్వాత అల్లుడి మొహం చూసి ఆయన పలికిన మొదటి మాట అది.