యంత్రం కలిపిన వంటగదులు

ఆ ఉదయం ఇంజనీరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తల్లినీ భార్యనీ తన ఆఫీసుకు తీసుకెళ్ళాలి, కొత్త ఇంటి ప్లానును యంత్రం చేత కాదనిపించాలి, నెపం దాని మీదకు నెట్టేసి హాయిగా భోజనానికి ఇంటికి రావాలి.

అతను పనిచేసేది ఇళ్ళ ప్లాన్లకు అనుమతులిచ్చే ఆఫీసులో. ప్లానును ఉత్త గీతలుగా కాకుండా, ఇది గది, ఇది తలుపు, ఈ గది ఈ అంతస్తులో ఉంది అని వాక్యాలుగా చెబితే, కంప్యూటరే వాటిని నిబంధనలతో పోల్చి తప్పులు పట్టే ఏర్పాటు చేసింది అతనే. ఆ రోజు దాన్ని పై అధికారి ముందు నడిపి చూపాలి. అందుకు తప్పున్న ప్లాను ఒకటి కావాలి. అతని ఇంటి ప్లానులో అది సిద్ధంగా ఉంది: కింద భార్యకొక వంటగది, పైన తల్లికొక వంటగది. నిబంధన ప్రకారం ఇంటికి ఒకటే ఉండాలి.

పైగా ఆ ఇల్లు అలాగే లేస్తే, ఏ పూట ఏ అంతస్తులో తినాలో జీవితాంతం తేల్చుకుంటూ ఉండాలి. కింద రెండు ముద్దలు ఎక్కువ తింటే పైన మూతి విరుపు.

"మమ్మల్నెందుకురా ఆఫీసుకి?" అంది తల్లి చెప్పులు వేసుకుంటూ.

"మీ ఎదురుగానే తేలిపోతుందని, అమ్మా. యంత్రం కాదంటే నేను చేసేదేముంది?"

"అది ఇంకా చూడనే లేదు, కాదంటుందని మీకెలా తెలుసు?" అంది భార్య. ఆమె ఏ మాటనూ ఊరికే పోనివ్వదు.

అతను స్కూటరు తాళం వెతుక్కోవడంలో మునిగిపోయాడు.

ఆఫీసులో పై అధికారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏదీ, తప్పు పట్టించండి చూద్దాం."

ఇంజనీరు మీట నొక్కాడు. తెర మీద రెండే మాటలు వచ్చాయి: తప్పులు లేవు.

"తప్పున్న ప్లానన్నారు?" అన్నాడు అధికారి.

కారణం చూపించమని అడిగితే యంత్రం వినయంగా చెప్పుకొచ్చింది. ఇంటికి వంటగది ఒక్కటే. ఈ ఇంటికి కింది వంటగది ఉంది, పై వంటగది ఉంది. కాబట్టి ఆ రెండూ ఒకటే గది, పేర్లే రెండు.

ఇంజనీరు తెర మీదకు వంగాడు. "అవి రెండూ వేరని చెప్పడం మర్చిపోయాను సార్. మనం వేరని చెప్పేదాకా అది ఒకటే కావచ్చు అనుకుంటుంది."

"అదేం చోద్యమండీ!" అంది భార్య.

"చోద్యమేముందే? వీడికి అమ్మని, నీకు అత్తని. మనిషిని ఒక్కదాన్నేగా?" తల్లి యంత్రాన్ని వెనకేసుకొచ్చింది.

యంత్రం అక్కడితో ఊరుకోలేదు. గది ఏదైనా ఒక్క అంతస్తులోనే ఉండాలి. ఈ వంటగది కిందా ఉంది, పైనా ఉంది. కాబట్టి కింది అంతస్తూ పై అంతస్తూ ఒకటే. కాబట్టి మెట్లు ఉన్నచోటి నుంచి ఉన్నచోటికే వెళుతున్నాయి. అంతస్తుకు పెద్ద పడకగది ఒకటే కాబట్టి, తల్లి పడకగదీ దంపతుల పడకగదీ ఒకటే.

"ఏమండీ, ముందు దాన్ని ఆపండి! ఇంకాసేపుంటే అత్తయ్యా నేనూ ఒకటే అంటుంది."

అతను గబగబా 'రెండు వంటగదులూ వేరు' అని కొట్టబోయాడు. అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండి. ఏ ఆధారంతో వేరంటున్నారు? తేడా ఏమిటి?"

"ఒకటి మా అమ్మది, ఒకటి మా ఆవిడది సార్. ఎవరిది వాళ్ళకి విడిగా కావాలన్నారు."

"ఎవరన్నారు?" ఇద్దరూ ఒక్క గొంతుతో అడిగారు.

భార్య అతని వైపు తిరిగింది.

"అమ్మకి విడిగా వండుకోవాలనుంది, నోరు విడిచి అడగదు అన్నారుగా నాతో!"

"నాతో నీ పేరు చెప్పాడమ్మా! నీకే విడిగా కావాలట, మొహమాటపడుతున్నావట!"

ఎప్పుడో కూరలో ఉప్పు దగ్గర అత్తాకోడళ్ళు ఒక పూట మాట్లాడుకోలేదు. ఆ మౌనంలోంచి అతను రెండు వంటగదులు కట్టేశాడు. చెప్పని సంగతిని తెలిసినట్టు తీసుకోకూడదని యంత్రానికి నేర్పింది మాత్రం అతనే.

"అంటే యంత్రం సరిగ్గానే చెప్పిందన్నమాట," అన్నాడు అధికారి సంబరంగా. "పైన ఆ పొయ్యి తీసేసి మళ్ళీ నడపండి."

అతను తీసేశాడు. అంతస్తులు మళ్ళీ రెండయ్యాయి, మెట్లు మళ్ళీ పైకి వెళ్ళాయి, పడకగదులు విడిపోయాయి. ప్లాను పాసయింది.

"మరి పైన మిగిలిన గది?" అంది భార్య.

"పొయ్యి లేదు కాబట్టి స్టోరు గది అమ్మా," అన్నాడు అధికారి.

"అందులో వీడు పడుకుంటాడు," అంది తల్లి.

"కొన్నాళ్ళు," అంది కోడలు. "స్టోరుకి కిటికీ ఎందుకు సార్? ఆ కిటికీని కింద మా వంటగదికి ఇచ్చెయ్యండి."

అధికారి నిబంధన చూడమన్నాడు. ఇంజనీరు చూడకుండానే తల ఊపాడు. స్టోరు గదికి కిటికీ అక్కర్లేదన్న వాక్యం యంత్రానికి ఎక్కించిందీ అతనే.