డ్రిల్లు ఈరోజే వస్తుంది

అడిగిన పనిముట్టు అడిగిన రోజే చేతికొస్తే మనిషి చెడిపోతాడు!

నవ్వకండి. ఆన్‌లైన్‌లో పనిముట్లు అమ్మే కంపెనీలు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టి మనల్ని కాపాడుతున్నాయి. మనమేమో విశ్వాసం లేకుండా కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గొంతు చించుకుంటున్నాం. సిగ్గుండాలి!

అనుమానముంటే మా వీధి వడ్రంగిని చూడండి. కింద పని షెడ్డు, పైన ఇల్లు. అతని అత్తగారికి తుంటి ఆపరేషన్ అయింది. శుక్రవారం సాయంత్రం ఆసుపత్రి నుంచి పంపించేస్తామన్నారు. ఇంటి మెట్లకు ఒక పక్క గోడ, ఇంకో పక్క గాలి. చెయ్యి ఆనించడానికి పుల్లముక్క లేదు. "పట్టు లేకుండా మెట్లెక్కించారో, ఆవిణ్ని మళ్లీ మా దగ్గరికే మోసుకొస్తారు" అని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది.

వడ్రంగికి అదో లెక్కా? మంచి చెక్క ఏరి పొడవాటి చేతిపట్టు చేశాడు. ముసలి వేళ్లకు అందేలా గుండ్రంగా చిత్రిక పట్టాడు. ఒక్క పేడు గుచ్చుకోకుండా రుద్ది రుద్ది నున్నగా తేల్చాడు. ఇక కాంక్రీటు గోడకు చిల్లులు పెట్టి బిగించడమే తరువాయి. సరిగ్గా అప్పుడే పాత డ్రిల్లు పొగ కక్కి కన్నుమూసింది.

ఫోన్ తీశాడు. డ్రిల్లు, బ్యాటరీ, ఛార్జరు, గోడను తొలిచే బిట్లు, అన్నీ కలిపి ఒకటే సెట్టు. బొమ్మలో అన్నీ ఒకే పెట్టెలో బుద్ధిగా పడుకుని ఉన్నాయి. నొక్కాడు. "రేపే మీ ఇంటికి!" అంది ఫోను.

మర్నాడు వచ్చింది. ఏం వచ్చింది? ఫ్రిజ్ పట్టేంత అట్టపెట్టె! ఇద్దరు పట్టుకుని దింపారు. కోస్తే గాలి సంచులు. వాటి కింద ఇంకా గాలి సంచులు. వడ్రంగి నడుం దాకా పెట్టెలోకి వంగి వెతికితే అడుగున దొరికింది, పెన్సిలంత బిట్టు. ఒకే ఒక్కటి.

"ఏమండీ, మిగతాది ఆ గాలిలో కలిసిపోయిందేమో, సరిగ్గా చూడండి" అంది భార్య, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే.

ఆవిడకు అర్థం కాలేదు. ఊపిరి సలపని ఇరుకు ఇళ్లలో బతుకుతున్నామని మనకోసం కంపెనీ గాలిని సంచుల్లో కట్టి పంపుతోంది. ఏ ప్రభుత్వం చేసింది ఈ పని?

తర్వాత ఛార్జరు వచ్చింది. బ్యాటరీ లేదు. వడ్రంగి దాన్ని ప్లగ్గులో పెట్టి, వెలిగిన పచ్చ లైటు వంక చూస్తూ కూర్చున్నాడు. ఆశ్రమాల చుట్టూ తిరిగినా దొరకని ఏకాగ్రత, గుమ్మం దగ్గరికే పంపించారు!

ఆ సమయానికి పక్కింటి ఎలక్ట్రీషియన్ వచ్చాడు, చేతిలో డ్రిల్లుతో. "అన్నా, నాది తీసుకో. రేపట్నుంచి సైటు మీద ఉంటా, మళ్లీ దొరకను. ఇప్పుడే కొట్టేయ్ చిల్లులు."

"ఎందుకురా తమ్ముడూ, నాది ఈరోజే వస్తోందిగా! ఇదిగో చూడు, బండి మన వీధి చివరే ఉంది" అని ఫోన్‌లో బండి బొమ్మ చూపించాడు వడ్రంగి.

ఎలక్ట్రీషియన్ వెళ్లిపోయాడు. బండి బొమ్మ సాయంత్రం దాకా వీధి చివరే ఉంది. వడ్రంగి నడిచి వెళ్లి చూశాడు. అక్కడ ఒక కుక్క పడుకుని ఉంది.

గురువారం డ్రిల్లు వచ్చింది. అంత బరువైన ఇనుప సరుకును చొక్కాలు పంపే పల్చటి కవరులో పెట్టారు. దాని మూతి కవరును చీల్చుకుని బయటికొచ్చి వీధిని చూస్తోంది. బిట్టును పట్టుకునే దవడలు వంకరపోయాయి. కస్టమర్ కేర్ అమ్మాయికి ఫోన్ చేశాడు.

"డ్రిల్లు పనిచేయట్లేదని వీడియో పంపండి సార్. ఆన్ చేసి చూపించాలి."

"బ్యాటరీయే రాలేదమ్మా, ఎలా ఆన్ చేసేది?"

"బ్యాటరీ ఈరోజే వస్తుంది సార్. మీ కొత్త డ్రిల్లు కూడా ఈరోజే."

"నిన్న కూడా ఈరోజే అన్నారు కదా తల్లీ!"

"అవును సార్. ఈరోజు కూడా ఈరోజే."

ఎంత గొప్ప మాట! ఆ కంపెనీకి నిన్న లేదు, రేపు లేదు. కాలాన్ని జయించినవాళ్లతో మనం బ్యాటరీ గురించి గొడవపడుతున్నాం.

శుక్రవారం మధ్యాహ్నానికి కూడా ఫోన్‌లో అదే మాట. అప్పుడు వడ్రంగి ఫోనును రంపంపొట్టులోకి విసిరి, సుత్తీ ఉక్కు ఉలీ అందుకున్నాడు. చేత్తో కాంక్రీటు తొలవడమంటే ఏమిటో తెలుసా? ఒక దెబ్బ. ఉలి కాస్త తిప్పు. మళ్లీ దెబ్బ. కళ్లల్లో, ముక్కులో సిమెంటు దుమ్ము. ఒక్కో చిల్లుకు భుజం ఊడిపోయేంత పని. పొద్దు వాలేసరికి సగం మెట్లకే చిల్లులు పడ్డాయి. అంత ముచ్చటగా చేసిన చేతిపట్టును మధ్యకు కోయక తప్పలేదు.

అత్తగారు ఆటో దిగింది. షెడ్డు నిండా అట్టపెట్టెలు.

"ఇవన్నీ ఏంటి అల్లుడూ?"

"డ్రిల్లు అత్తయ్యా."

"ఏదీ?"

"ఇంకా రాలేదండీ."

"ఆసుపత్రివాళ్లే నయం నాయనా, నన్ను ఒకే విడతలో పంపారు. మీ కంపెనీ చేతిలో పెడితే తల ఇవాళ, కాళ్లు వచ్చే వారం!"

కూతురు చెయ్యి పట్టుకుంది. ఇంకో చెయ్యి చేతిపట్టు మీద వేసి ఆవిడ ఒక్కో మెట్టూ ఎక్కింది. "బాగా కుదిరింది" అంది. సగంలో చెక్క అయిపోయింది. ఆవిడ చెయ్యి వట్టి గోడను తడుముకుంది. పాదం తడబడింది. వెనక నుంచి అల్లుడు భుజం కాసి, అక్కడే మెట్టు మీద కూర్చోబెట్టాడు.

ఊపిరి తీసుకుని అడిగింది: "మిగతా మెట్లు ఎప్పుడు డెలివరీ?"

"ఈరో..." అని ఆగాడు వడ్రంగి. దుమ్ము కొట్టుకుపోయిన మొహం తుడుచుకున్నాడు. "ఈరోజు కాదు అత్తయ్యా. రేపు సాయంత్రం అవుతుంది."

"ఆ ముక్క చెప్పు మరి! ఈ పూటకి షెడ్డులోనే నా పక్క వెయ్యండి. ఆ పెద్ద పెట్టె గుమ్మానికి అడ్డం పెడితే చలిగాలి రాదు."

అంతే! ఈరోజు కాదని తెలిస్తే ముసలావిడ అర నిమిషంలో సర్దుకుంది. అదే మాట కంపెనీ మొదటిరోజే చెప్పుంటే? ఎలక్ట్రీషియన్ వచ్చిన పూటే అతని డ్రిల్లుతో చిల్లులు పడేవి, చెక్క కోత పడకుండా నిలిచేది, ఆవిడ తన మంచం మీద పడుకునేది.

మా వీధిలో ఒక ఇనప సామాన్ల కొట్టుండేది. యజమాని చిటపటల మనిషి. సగం అడిగినవాటికి "లేదు, పో" అని కసిరేవాడు. అవమానమనుకుని అందరం ఫోన్లకు మళ్లాం. కొట్టు మూతపడింది. ఫోన్లో లోకంలోని సరుకంతా ఉంది, ఆయన దగ్గర ఊరికే దొరికిన ఆ ఒక్క మాట తప్ప.

కాబట్టి అయ్యా కంపెనీవారూ, మీ సరుకుల్లో "లేదు" అనే మాట కూడా చేర్చండి. కావాలంటే ఫ్రిజ్ పట్టేంత పెట్టెలోనే, గాలి సంచుల మధ్య పెట్టి పంపండి. ఇద్దరం పట్టుకుని దింపుకుంటాం!