గోడ దాటిన విధవరాలు

“నా కన్నుగప్పి తప్పించుకోగల నేరస్థుడు ఈ ష్రాప్‌షైర్ జిల్లాలో ఇంకా పుట్టలేదు!” అని ప్రకటిస్తూనే సెప్టిమస్ పార్జెటర్ గడప తట్టుకుని డిలిస్ వంటింట్లో బోర్లా పడ్డాడు.

డిలిస్ ఆయన్ని లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టింది. రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఊళ్లో ఎవరి పిల్లి తప్పిపోయినా భూతద్దంతో దిగిపోతాడు. పిల్లి దానంతటదే ఇల్లు చేరుతుంది, పేరు మాత్రం ఆయనకొస్తుంది.

“మీ విధవరాలిని పక్కింటి హెస్టర్ ఎత్తుకుపోయిందని ఫోన్లో అన్నారు. వివరాలు చెప్పండి. ఆమెకి వయసెంత?”

“అరవై దాటే ఉంటుంది. నా చిన్నప్పుడు మా అమ్మ పాతింది.”

పార్జెటర్ మొహం పాలిపోయింది. “పాతిందా! ప్రాణంతోనా?”

“ప్రాణంతో కాక? చచ్చినదాన్ని ఎవరైనా పాతుతారా?”

“ఎ... ఎక్కడ?”

“పెరట్లో, ఆపిల్ చెట్టు కింద. వేళ్లు లోపలికి, తల బయటికి.”

ఆయన చెయ్యి రుమాలు కోసం తడుముకోవడం చూశాక గానీ డిలిస్‌కి సంగతి బోధపడలేదు. “ఓరి దేవుడా! మొక్కండీ బాబూ, మొక్క!” అని చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్లింది.

అది జెరేనియం. కిటికీలో కుండీలో పెట్టుకునే సుకుమారం రకం కాదు. మంచులో మాడిపోయి వసంతంలో మళ్లీ లేచే మొండి ఘటం. నల్లటి ఊదా పూలు తలలు వాల్చుకుని ఉంటాయని ఊళ్లో దాన్ని విధవరాలంటారు. గడ్డి కూడా బతకని ఆపిల్ నీడలో నేల కనబడకుండా చాపలా పరుచుకుంది. ఆకుల మీద గోధుమరంగు మచ్చలు. ఆ మచ్చలున్న మొక్క ఊరి మొత్తానికి డిలిస్ ఇంట్లోనే ఉండేది, ఈ వసంతంలో గోడ అవతల హెస్టర్ పెరట్లో మొలిచేదాకా.

“అడిగితే ఓ కుదురు తవ్వి ఇవ్వనా? మొహం మీదే దొంగా అనేశాను,” అంది డిలిస్. “అప్పట్నుంచీ మాటల్లేవు. ఇప్పుడు ఇల్లు అమ్మకానికని బోర్డు కూడా పెట్టేసింది.”

“భయపడకండి. ఏ వెధవ మీ విధవని తీసుకుపోయాడో ఇప్పుడే తేలుస్తాను!” పార్జెటర్ భూతద్దం తీసి మొక్కల్లోకి పాకాడు. “ఆహా! అడుగుజాడ! కుడి మడమ అరిగిన బూటు!”

“అది మీ బూటేనండీ.”

“అంటే వాడు నా బూట్లే వేసుకొచ్చాడన్నమాట. ఎంత గడుసువాడు!”

ఎండ మండిపోతోంది. ఏటా పూలు అయిపోగానే డిలిస్, హెస్టర్ కలిసి కత్తెరలు పట్టుకుని మొక్కల్ని మొదలంటా కత్తిరించేవారు. కొత్త ఆకు గుబురుగా వచ్చేది. పోయినేడు డిలిస్ మోకాలికి ఆపరేషన్, ఈ ఏడు తగువు. కత్తిరించే దిక్కులేక కొంగముక్కుల్లాంటి కాయలు కాసి నిలువునా ఎండిపోయాయి.

ఠప్!

“కాల్చారు!” పార్జెటర్ ముక్కు పట్టుకుని వెల్లకిలా పడ్డాడు. “డిలిస్ గారూ, పడుకోండి! హంతకుడు ఇక్కడే ఉన్నాడు!” అంటూ మడి ఆ చివర్నుంచి ఈ చివరికి దొర్లాడు. ఆ కుదుపుకి ఎండిన కాయలన్నీ ఒకటే పేలడం. ఠప్, ఠప్, ఠప్!

గోడ మీద హెస్టర్ తల లేచింది, చేతిలో టీ కప్పుతో. “ఎవరే చచ్చింది?” అంటుండగానే ఏదో ఎగిరొచ్చి ఆమె కప్పులో పడింది.

హెస్టర్ కప్పులోకి చూసింది. వేలితో తీసి చూపించింది. నల్లటి చిన్న గింజ. డిలిస్ చేతికందిన కాయనొకదాన్ని తాకింది. అది స్ప్రింగులా చుట్టుకుపోయి, గింజని గోడ అవతలికి విసిరేసింది.

“పోయినేడు కత్తిరించకపోతే ఇలాగే దూకిందన్నమాట!” అంది హెస్టర్.

“నిన్ను దొంగన్నాను, హెస్టర్.”

“అన్నావు. పోస్ట్‌మాన్ వింటుండగా అన్నావు.”

“తప్పు నాదని అతని ముందే చెప్తాను. ఇల్లు అమ్మొద్దే.”

హెస్టర్ టీ గడ్డిలో పారబోసింది. “ముందు ఆ మనిషిని లేపవే, సగం మడి చదునైపోయింది. నేను కత్తెర తెస్తాను. మా వైపు మొలిచినవి మాత్రం పీకనివ్వను, చెప్తున్నా.”

“పీకమని ఎవరన్నారు?” అంది డిలిస్, కళ్లు తుడుచుకుంటూ.

పార్జెటర్ ఆకులు దులుపుకుంటూ లేచాడు. “అంతా నా పథకం ప్రకారమే జరిగింది. ప్రాణాలకి తెగించి దొర్లాను. ఈ ముక్కు మీద తూటా దెబ్బ చూశారా?”

డిలిస్ దగ్గరికొచ్చి భూతద్దం పెట్టి మరీ చూసింది. “గాయమేదండీ?”

“కనబడకుండా కాల్చడమేనండీ వాడి నేర్పు!”