రెండు రోజుల పథ్యం, మూడు నెలల పాకం

ఆ ఉదయం దేవుళ్లు అనే పెద్దాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. నర్సీపట్నంలో డాక్టర్ రాజేశ్వరి గారి క్లినిక్కుకు వెళ్లడం, షుగర్ రిపోర్టు తెచ్చి భార్యకు చూపించడం, వచ్చే వారం కొడుకు ధర్మతేజ పెళ్లిలో విస్తరి నిండా మాడుగుల హల్వా వేయించుకోవడం. రిపోర్టు బాగుంటేనే హల్వా అని సత్యలక్ష్మి ఖరాఖండిగా చెప్పేసింది మరి. హల్వా లేని పెళ్లి దేవుళ్లు దృష్టిలో పెళ్లే కాదు.

అందుకే రెండు రోజులుగా పాపం ఆయన చోడి అంబలి, కాకరకాయ కూర తప్ప మరొకటి ముట్టలేదు. పరగడుపు షుగరు నూట నాలుగు వచ్చింది. దేవుళ్లు మీసం మెలేశాడు. అంతలో ల్యాబు గోవింద్ రెండో కాగితం చేతిలో పెట్టాడు. అది మూడు నెలల షుగర్ పరీక్షట. ఎనిమిది పాయింట్ ఆరు. ఏడు దాటకూడదని కిందనే రాసి ఉంది.

"ఇది నా రగతం కాదు! ఎవుడిదో నా సీసాలో కలిపేసినారు!"

"మీదేనండీ బాబూ."

"పొద్దున్న నూట నాలుగున్నోడికి ఇంతెలాగొస్తాదయ్యా?"

గోవింద్ చెప్పబోయాడు గానీ దేవుళ్లు అప్పటికే ఫోను తీశాడు. సత్యలక్ష్మి ఆటో ఎక్కి వచ్చేసింది. మొగుడి మీద ప్రేమ సరే, ఇది తన వంటింటి పరువు సమస్య.

"మా ఇంట్లో పంచదార డబ్బాకి తాళం ఉన్నాదండీ. తాళంసెవి నా మెళ్లో ఉన్నాది. ఈయనకి తీపెక్కడినుంచొస్తాది?"

ఆ మాటకు హాల్లో కూర్చున్నవాళ్లందరికీ తమ రిపోర్టుల మీద అనుమానం పుట్టింది. "నాది కూడా మళ్లీ తియ్యండి" అని ఒకరు, "నాకసలు బీపీయే లేదు" అని ఇంకొకరు లేచారు. ఆ ఊపులో దేవుళ్లు ఇంకో సాక్షిని కూడా పిలిపించాడు. ఆయన రోజూ ఎంత నడుస్తాడో చెప్పడానికి రోలుగుంట రోడ్డులో గానుగ ఆడించే జోగులు బండి మీద దిగాడు.

గోల విని రాజేశ్వరి గారు బయటికొచ్చారు. "పొద్దుటి పరీక్ష ఆ పూట సంగతే చెబుతుందండీ. రక్తంలో తీపి ఎక్కువైతే రక్తకణాలకు అంటుకుంటుంది. ఆ కణం బతికినన్నాళ్లూ, అంటే మూడు నాలుగు నెలలు, వదలదు. రెండో పరీక్ష చూసేది దాన్నే. రెండు రోజులు కడుపు మాడ్చుకుంటే అది దిగదు. ఈ మూడు నెలల్లో ఏం తిన్నారు?"

"ఏటీ తిన్లేదు మేడమ్! నడకే నడక! సెప్పరా జోగులూ!"

"నిజమే మేడమ్ గారూ," అన్నాడు జోగులు నిండు మనసుతో. "గానుగ మొదలెట్టిన కాణ్ణించి ఒక్క పొద్దు మానకుండా మా కాడికే నడిసొస్తారు. గానుగ కాడికొచ్చినోడికి యేడి బెల్లం పాకం పెట్టకుండా పంపితే మాకు మంచిది కాదు గదండీ. దోసిడి పట్టి మరీ తింటారు."

ఎంత మంచి సాక్షిని పిలిచాడో దేవుళ్లుకు అప్పుడు తెలిసింది.

"ఓలమ్మో! వాకింగంటే ఇదా?" సత్యలక్ష్మి గర్వంగా చెయ్యి చాపింది. "గోవిందూ, నా రగతం తియ్యి నాన్నా. నోరు కట్టుకున్న మనిషి రిపోర్టు ఎలాగుంటాదో ఈయన సూడాల."

మిషను కాసేపు గుర్రుమంది. గోవింద్ కాగితం వైపు, ఆమె వైపు చూసి మింగలేక కక్కలేక చదివాడు. ఎనిమిది పాయింట్ ఆరు.

"ఈయన కాగితమే నాకిచ్చేసినావు! తప్పుల ల్యాబు!" అంది సత్యలక్ష్మి.

"తప్పు కాదే," అన్నాడు దేవుళ్లు. ఆయన ముఖం మతాబాలా వెలిగిపోతోంది. "ల్యాబంటే ఇదే ల్యాబు! నిశ్చితార్థం కాణ్ణించి ఆడపెళ్లోరు పంపుతున్న హల్వా డబ్బాలు ఏటైపోతన్నాయే?"

"మీకు కనపడకూడదని బియ్యం డ్రమ్ములో దాసినాను."

"దాసి?"

"పాడైపోతాయని..." ఆమె గొంతు సన్నబడింది. "రోజూ కొంచెం... నేనే..."

ముందు రాజేశ్వరి గారు నవ్వారు, తరవాత హాలు నవ్వింది, చివరికి సత్యలక్ష్మి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేసింది. దేవుళ్లుకు పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఇంత ముద్దుగా ఎప్పుడూ కనిపించలేదు. డాక్టరమ్మ మందులు రాసి, రోజూ కలిసి నడవమని, అదీ గానుగ లేని వైపు నడవమని చెప్పారు. పెళ్లిలో మాత్రం ఇద్దరికీ కలిపి ఒక్క ముక్క హల్వాకు ఒప్పుకున్నారు.

పెళ్లి ఘనంగా జరిగింది; ఆ ముక్కను ఇద్దరిలో ఎవరు సగానికి కోయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.