అడుగు ఎవరు మూశారు

మీరు నవ్వనంటే చెబుతాను. నవ్వినా చెబుతాను, ఎలాగూ మా వీధంతా నవ్వింది.

ఎనభై ఎనిమిది వేసవిలో, కళ్ళజోడు వెతుక్కుంటూ మా మంచినీళ్ళ కుండను తన్నాను. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

మా ఆవిడ సూర్యకుమారి పెంకులు ఏరుతూ, "కుమ్మరి కొండమ్మ దగ్గర ఇంకోటి తీసుకుంటాలెండి" అంది.

అక్కడ తప్పు ఒప్పుకుంటే సరిపోయేది. కానీ నేను తెనాలిలో కాబోయే టీచర్లకు మనస్తత్వ శాస్త్రం చెప్పేవాణ్ణి. మనిషికి ఏ పనైనా ఎలా పట్టుబడుతుందో బోర్డు మీద గీత గీసి చూపించేవాణ్ణి.

"కొనడమెందుకు? పది రోజుల్లో నేనే చేసి తెస్తాను."

"మొన్న గోడకు మేకు కొట్టడానికి పక్కింటాయన్ని పిలిచారు."

"అది మేకు. ఇది మట్టి. మెత్తగా ఉంటుంది."

"సరే, తెండి. అందాకా ఇద్దరం బిందెలో వేడినీళ్ళే తాగుదాం. మీ చేత్తో చేసిందైతేనే నీళ్ళు పోస్తాను."

రోజూ సాయంత్రం కొల్లిపర రోడ్డులో కొండమ్మ ఇంటికి సైకిలు తొక్కాను. ఆమె భర్త యలమంద కర్రతో సారె తిప్పి చేతులు ఆనిస్తే మట్టి మొగ్గలా లేచేది. నేను ఆనిస్తే నా కళ్ళజోడు మీదికి లేచేది.

"దాని పీక పిసక్కండి సారూ. ఊరికే ఆనించండి, అదే వస్తది."

"ఎప్పటికి వస్తుంది?"

"నాకు మూడేళ్ళకొచ్చిందండి."

బోర్డు మీద నా గీత ఎప్పుడూ పైకే వెళ్ళేది.

పదోరోజున ఒకటి నిలబడింది. పన్నునొప్పితో ఒక బుగ్గ వాచినవాడిలా ఉంది. అది ఇంటికొస్తే ఏమవుతుందో ఊహించుకున్నాను. ఊహలో సూర్యకుమారి నవ్వలేదు, జాలిపడింది. అది భరించలేక దాన్ని అక్కడే వదిలేసి, యలమందను బతిమాలి, అతను చేసి కాల్చిన కుండనొకదాన్ని సైకిలుకు కట్టుకున్నాను.

సూర్యకుమారి ఆ కుండను వేలితో కొట్టి చూసింది. బోర్లించి చూసింది.

"అడుగు కూడా మీరే మూశారా?"

"మొత్తం సారె మీదే. ఇంకెవరు మూస్తారు?"

"అదే అడుగుతున్నా" అంది. నీళ్ళు మాత్రం పోయలేదు. "ఉండనివ్వండి, తొందరేముంది?"

వారం తర్వాత, ఎదురింటి సుబ్బాయమ్మగారికి నేను ఆ కుండ నునుపు గురించి వివరిస్తుండగా కొండమ్మ వచ్చింది. ఆమె చంకలో నా వాచిన బుగ్గ, ఎర్రగా కాలి.

"సారుది ఎట్టా ఉన్నా కాల్చి తెమ్మని కబురు పెట్టారుగా అమ్మగారూ. అడుగు మాత్రం నేనే మూశానండి."

సూర్యకుమారి నా వైపు చూడకుండానే చెప్పింది. "సారె మీంచి దిగిన కుండకు అడుగుండదండి. కాస్త ఆరాక ఆడవాళ్ళు లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి మూస్తారు. పదేళ్ళుగా కొంటున్నాను, కొండమ్మ చెక్కదెబ్బలు నాకు తెలీవా?"

నా చెవులు వేడెక్కాయి. సిగ్గు గురించి క్లాసులో రెండు పేజీల పాఠం చెబుతాను. చెవుల సంగతి అందులో లేదు.

ఆమె మంచి కుండను కొండమ్మకిచ్చేసి, వంకర కుండను ఇసుకలో కుదురుగా నిలబెట్టి నిండా నీళ్ళు పోసింది.

"అయితే మాస్టారు చేసింది ఇదా?" అన్నారు సుబ్బాయమ్మగారు.

ఆ జవాబు సూర్యకుమారి నాకే వదిలేసింది.

"నాదేనండి" అన్నాను.

సుబ్బాయమ్మగారు కుండనూ నన్నూ మార్చి మార్చి చూశారు.

"అవున్లే. పోలికలున్నాయి."