వయా పద్మావతి

“తల్లిదండ్రులూ, ఎదిగిన పిల్లలూ నేరుగా మాట్లాడుకోని ఇల్లు ఇల్లే కాదు, లాడ్జి!”

ఈ మహావాక్యం మా ఆయన గంగాధర్ గారిది. పుంగనూరులో మాకు బట్టల అంగడి ఉంది. దానితోపాటు ‘కుటుంబ మైత్రి సంఘం’ అధ్యక్ష పదవి కూడా ఆయన నెత్తినే ఉంది. మదనపల్లె సభలో ఆయన ఈ మాట అనగానే హాలు చప్పట్లతో మారుమోగింది. వెనక వరుసలో ఒక తల్లి కళ్లు కూడా తుడుచుకుంది!

ఆ సాయంత్రం ఇల్లు చేరాం. సోఫాకు ఒక చివర ఆయన, ఇంకో చివర పదో తరగతి పాసైన మా మేఘన. నేను వంటింట్లో ఉన్నాను.

“పద్మా, టీవీ సౌండు తగ్గించమని పాపకు సెప్పు!”

“ఈ పాట అయిపోతానే తగ్గిస్తానని నాన్నకు సెప్పుమా!”

నేను గరిటెతో పరుగెత్తుకొచ్చి రెండు మాటలూ అప్పజెప్పి మళ్లీ పొయ్యి దగ్గరికి పరుగెత్తాను.

మా ఇంట్లో మాటకు ఒక రూటుంది. మేఘన పెద్దమనిషి అయిన దగ్గర్నుంచి తండ్రి మాట కూతురికైనా, కూతురి మాట తండ్రికైనా వయా పద్మావతే చేరాలి. ఎదిగిన ఆడపిల్లతో ఏం మాట్లాడాలో ఆయనకు తెలియదు. ఆయన ఎక్కడ తిడతారోనని దానికి భయం. మధ్యలో నేను! ఇదేమన్నా సులువైన ఉద్యోగం అనుకున్నారా? విన్నది విన్నట్టు చేరవేస్తే కాపురం నిలుస్తుందా? కొన్ని మాటల్లో ఉప్పు తగ్గించాలి, కొన్నింట్లో కారం తీసెయ్యాలి. ఒక్కోసారి కూరే మార్చెయ్యాలి!

ఈ వేసవిలో మేఘన మనసు పశువైద్య డిప్లొమా మీద పడింది. “సోమవారం లోపల అప్లై సెయ్యాలమ్మా, నాన్నను అడుగుమా,” అని నా కొంగు పట్టుకుని తిరిగింది. ఆవుల వెంట తిరిగే చదువా! మా అక్క కూతురు వీణ అంగళ్లు ఊళ్లోని కాలేజీలో ఇంజనీరింగు చదువుతోంది. దాని ముందు నా పరువేం కావాలి? నా బిడ్డా ఇంజనీరే అవుతుందని చుట్టాలందరికీ ఎప్పుడో చెప్పేశాను.

“మీ నాన్న కుదరదనేశాడే,” అన్నాను విచారంగా.

అది అన్నం ముందు కూర్చుని కెలికి వదిలేసింది. నాకూ కడుపు తరుక్కుపోయింది. అయినా కన్నతల్లిని కదా, ఓర్చుకున్నాను!

పుంగనూరు సభలో అదే వాక్యానికి ఇంకా గట్టిగా చప్పట్లు పడ్డాయి. ఆదివారం కుప్పంలో సభకు ముగ్గురం వెళ్లాం. గుడుపల్లె నుంచి కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని జనం వచ్చారు. అక్కడి కార్యదర్శి చెంగల్రాయుడు హుషారు మనిషి.

“ఉపన్యాసం అందరూ ఇస్తారు సార్! మీరూ మీ పాపా ఈ స్టేజీ మీదనే రవ్వంతసేపు మాట్లాడి సూపించండి. మా జనం సూసి నేర్చుకుంటారు!”

రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. ఇద్దరికీ చెరో మైకు ఇచ్చారు. మా ఆయన గొంతు సవరించుకున్నారు. కూతురి వైపు చూశారు. కండువాతో చెమట తుడుచుకున్నారు. చివరికి అలవాటు కొద్దీ మైకులోనే అరిచారు.

“పద్మా! పాప ఏం మాట్లాడతాదో కనుక్కో!”

హాలంతా గొల్లుమంది. ముందు వరుసలోంచి నేను లేవబోయాను. అంతలో మేఘన మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

“నాన్నా, రేపే ఆఖరు. ఆ డిప్లొమా యాల వద్దన్నావు?”

“ఏం డిప్లొమా?”

“పశువులది. అమ్మ నిన్ను అడిగింది గదా?”

“నన్నెవురూ అడగల్యా! ఎంపీసీ తప్ప ఏదీ సదవనని నువ్వే ఏడస్తాండావని మీ అమ్మ సెప్పిందే!”

“నేనా? లెక్కలంటేనే నాకు సరిపోదు గదా నాన్నా!”

“ఆ మాట నాకు తెల్దే తల్లీ! ఆవుల్ని మేపుకుంటా పెరిగినోణ్ని, నేనెందుకు అడ్డం సెప్తాను? రేప్పొద్దున్నే మనిద్దరం పోయి అప్లై సేస్తాం పా!”

మేఘన స్టేజీ మీదనే ఏడ్చేసింది. చప్పట్లు ఆగలేదు. ఆ తర్వాత హాల్లోని తలలన్నీ నెమ్మదిగా ముందు వరుస వైపు తిరిగాయి. నేను సీలింగు ఫ్యానును చాలా శ్రద్ధగా పరిశీలించాను.

చెంగల్రాయుడు మైకు తెచ్చి నా మూతి ముందు పెట్టాడు. “అమ్మా, తల్లిగా మీరూ రెండు మాటలు...”

“ఇన్నాళ్లూ ఇంటిల్లిపాది మాటలూ నేనే మాట్లాడితిని గదప్పా! నోరు నొప్పి పుడతాండాది!”

తిరుగు ప్రయాణంలో మేఘన కారు ముందు సీటు ఎక్కేసింది. ఆవుల జబ్బుల గురించి, హాస్టలు గురించి తండ్రీ కూతుళ్లు ఆగకుండా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఏదీ కనుక్కోమని నన్నెవరూ అడగలేదు. పలమనేరు దగ్గరికి వచ్చేసరికి కడుపులో ఎలుకలు పరుగెత్తసాగాయి. ముందుకు వంగి మెల్లగా అన్నాను.

“మేఘనా, ఆకలేస్తాండాది. హోటలు కాడ ఆపమని మీ నాన్నకు సెప్పు.”

అది వెనక్కి కూడా తిరగలేదు.

“నువ్వే సెప్పుమా! ఈడనే ఉండాడు గదా!”