ఆరింతల మందు

చిన్నకోడలు ముందుగదిలో మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. దుప్పట్లు ఒక పక్క, తువ్వాళ్ళు ఒక పక్క, ఎవరివో తేలని మేజోళ్ళు ఒళ్ళో. గొంతులో ముళ్ళకంప ఇరుక్కున్నట్టుంది. ఆ ఉదయానికి ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. బట్టల పని ముగించి, మందు మింగి, మధ్యాహ్నం దాకా ముసుగు తన్ని పడుకోవాలి.

పెద్దకోడలికీ అదే గొంతునొప్పి. ముందురోజు ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే డాక్టరు ముందు నోళ్ళు తెరిచారు. డాక్టరు ఇద్దరి గొంతుల్లోనూ దూదిపుల్ల తిప్పి, పరీక్ష చేయించి, ఇద్దరికీ ఒకే యాంటీబయాటిక్ రాశాడు. "రోజుకు రెండు, పది రోజులు. తగ్గింది కదా అని మధ్యలో ఆపకండి" అని ఇద్దరికీ ఒకే మాట చెప్పాడు. అక్కడిదాకా అంతా సమానమే. తేడా ఈ పొద్దున ఇంటి గుమ్మంలోంచి వచ్చింది.

ముందు పెద్దవాడు వచ్చాడు. చేతిలో నీలిరంగు డబ్బా. దాని మీద వెండి అక్షరాలు, ఉదయిస్తున్న సూర్యుడు. వెనకాలే చిన్నవాడు వచ్చాడు. అతని చేతిలో తెల్ల డబ్బా. దానికి బొమ్మా లేదు, మెరుపూ లేదు, మందు పేరు తప్ప మరో అక్షరం పెద్దగా లేదు. చిన్నకోడలు చిన్నప్పటి నుంచీ లెక్కల్లో గట్టిది. రెండు డబ్బాల మీది ధరలూ ఒక్క చూపులో చదివేసింది. ఆ నీలి డబ్బా ఒక్కదానికి పెట్టిన డబ్బుతో ఇలాంటి తెల్లవి ఆరు వస్తాయి.

మొగుణ్ణి గదిలోకి పిలిచి తలుపు చేరవేసింది.

"మీ అన్నగారు పెళ్ళానికి ఏం తెచ్చారో చూశారా?"

"చూశా. నీకు తెచ్చిందే."

"నాకు తెచ్చిందా! అది పట్టు, ఇది గోనెపట్టా."

చిన్నవాడు మాత్రల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజరు. మామూలుగా కూడా మాటకారే. మందుల ప్రస్తావన వస్తే మాత్రం కట్ట తెగిన చెరువు. "దీన్ని జెనరిక్ అంటారే పిచ్చిమొద్దూ. లోపలి మందు ఒకటే, మోతాదు ఒకటే, పరీక్షలు ఒకటే. అక్కడ ఎక్కువ పెట్టింది ఆ సూర్యుడి బొమ్మకి. ఇంతకీ నువ్వు మింగేది డబ్బానా, మందా?"

"డబ్బా కొనడానికైనా మనసుండాలి."

"మనసుకీ యాంటీబయాటిక్‌కీ సంబంధం ఏంటి? అసలు ఈ మందు ఎలా పనిచేస్తుందంటే..."

అతను ఎలా పనిచేస్తుందో చెప్పడం పూర్తిచేసేసరికి గదిలో అతనొక్కడే ఉన్నాడు.

ఆ ఇంట్లో మందులకు ఒక పద్ధతుంది. మాత్రల రేకు చిట్లిన చప్పుడు వింటే అత్తగారికి పళ్ళు జివ్వుమంటాయి. అందుకని ఎవరి మందులైనా సరే, వచ్చిన రోజే డాబా మీదికి తీసుకెళ్ళి రేకుల్లోంచి తీసేసి, గాజు సీసాల్లో పోసి, వంటింటి అలమరలో పెట్టాలి. "చెమ్మ తగిలితే పాడవుతాయమ్మా" అని చిన్నవాడు ఎన్నోసార్లు మొత్తుకున్నాడు. "నా పళ్ళు పాడవకుండా ఉంటే చాలురా" అని ఆవిడ కొట్టిపారేసింది. పెద్దకోడలి క్యాప్సూళ్ళు నీలిమూత సీసాలోకి, చిన్నకోడలివి తెల్లమూత సీసాలోకి చేరాయి. రెండు సీసాల్లోనూ ఇరవయ్యేసి. రెండింట్లోనూ ఎరుపూ పసుపూ రంగులే. తోడికోడళ్ళిద్దరూ తలా ఒకటి మింగారు.

చిన్నకోడలికి క్యాప్సూలు గొంతు దిగింది గానీ, నీలి డబ్బా దిగలేదు. దుప్పటి కప్పుకున్నా అదే కనిపిస్తోంది. పక్కగదిలో పెద్దకోడలు దగ్గితే ఆ దగ్గు కూడా తన దగ్గుకన్నా ఖరీదుగా వినిపించింది. మధ్యాహ్నం పెద్దకోడలు స్నానానికి వెళ్ళింది. నీళ్ళ చప్పుడు మొదలవగానే చిన్నకోడలు వంటింట్లోకి పిల్లిలా నడిచి, గిన్నెలు అడ్డం పెట్టుకుని, ఈ సీసాలోవి ఆ సీసాలోకి, ఆ సీసాలోవి ఈ సీసాలోకి మార్చేసి మూతలు బిగించింది.

అంతే, గొంతు సగం తెరుచుకుంది. సాయంత్రానికి చిన్నగా కూనిరాగం కూడా మొదలుపెట్టింది. మార్చిన వాటిలో ఇంకా ఒక్కటి కూడా మింగలేదన్న సంగతి ఆమెకు తట్టనే లేదు.

"ఏంటి చెల్లీ, అప్పుడే తగ్గిందా?" పెద్దకోడలు బొంగురుగా అడిగింది.

"ఎంత తేలిగ్గా ఉందో అక్కయ్యా! మంచి మందు కదా."

పెద్దకోడలు అలమర వైపు చాలాసేపు చూసింది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఎన్నడూ లేనిది జరిగింది. ఆరింతల మందు కొట్టేసినందుకు చిన్నకోడలికి లోపల కాస్త జాలిలాంటిది పుట్టింది. పాపం, ఆ తెల్ల డబ్బా మందుతో అక్కయ్యకు ఎప్పుడు తగ్గేనో! అందుకని పెద్దకోడలి వంతు గిన్నెలు తనే తోమేసింది. విచిత్రమేమిటంటే, తిరిగి వచ్చేసరికి తన వంతు ఇల్లు తుడవడం పెద్దకోడలు చేసేసి ఉంది. "నువ్వు పడుకో చెల్లీ, నీరసంగా ఉంటావు" అంది. "లేదక్కయ్యా, మీరే పడుకోవాలి" అంది ఈమె. చీపురు కోసం ఒకప్పుడు ఇద్దరూ నువ్వంటే నువ్వని వాదించుకునేవాళ్ళు, ఇప్పుడు నేనంటే నేనని పెనుగులాడారు.

అత్తగారు గుమ్మంలో నిలబడి కళ్ళు నులుముకుంది. పదేళ్ళుగా తను బుజ్జగించీ బెదిరించీ సాధించలేని సఖ్యత రెండు రోజుల్లో వచ్చిపడింది. ఇంట్లోకి కొత్తగా వచ్చినవి ఆ రెండు సీసాలే. అంత మహత్తు గల మందు మోకాళ్ళకు పనిచేయదా?

నాలుగో రోజు సెలవు. చిన్నవాడు తీరిగ్గా కూర్చుని, "వాడుతున్నారా సరిగ్గా? ఏవీ, లెక్క చూద్దాం" అని రెండు సీసాలనూ రెండు పళ్ళాల్లో బోర్లించాడు. ఇద్దరూ ఏడేసి మింగారు కాబట్టి పదమూడేసి మిగలాలి. తెల్లమూత సీసాలో ఎనిమిది ఉన్నాయి. నీలిమూతలో ఏడు.

"నావి ఐదు పోయాయి!" చిన్నకోడలు లేచి నిలబడింది. "ఈ ఇంట్లో నా సీసా మీద ఎవరి కన్ను పడిందో నాకు తెలియదా?"

"నన్నా అంటున్నావు? నావి ఆరు పోయాయి తల్లీ! అయినా నీలిమూతలో ఉన్న నీ మందు..." అని పెద్దకోడలు ఠక్కున ఆగిపోయింది.

చిన్నవాడు లెక్క ఆపి తలెత్తాడు.

"నీలిమూతలో నా మందు ఎందుకుంటుంది?" అని చిన్నకోడలు మెల్లగా అడిగింది. నిజానికి తను మార్చాక తన తెల్ల డబ్బా మందు అందులోనే ఉండాలి. ఆ సంగతి ఈవిడకెలా తెలుసు?

పెద్దకోడలు చెంగు నలుపుకుంటూ చెప్పేసింది. "మార్చాను. మొదటిరోజు సాయంత్రమే. మరి ఒక్క పూటకే నువ్వు పాటలందుకుంటివి! పాలవాడి ఇంట్లో నీళ్ళపాలు తాగుతారా? ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి పెళ్ళానికి లోపలి సరుకే తెస్తాడు గానీ, కొట్లో అమ్మేది తెస్తాడా? బొమ్మ లేని డబ్బా చూడగానే అనుకున్నా, ఇది వాళ్ళ మనుషులకు మాత్రమే ఇచ్చే రకమని. మీ బావ మాత్రం కొట్టువాడు ఏది చేతిలో పెడితే అది పట్టుకొచ్చాడు."

చిన్నకోడలు వేళ్ళ మీద లెక్కేసుకుంది. తను మధ్యాహ్నం మార్చింది. ఆవిడ సాయంత్రం మార్చింది. అంటే ఈ నాలుగు రోజులూ ఎవరి మందు వాళ్ళే మింగారు. తోమిన గిన్నెలు మాత్రం తిరిగి రావు.

"మరి పదకొండు ఎటుపోయాయి?" పెద్దవాడు అడిగాడు.

అత్తగారు కుర్చీలోంచి చెయ్యెత్తింది. "మోకాళ్ళకి నేనో ఆరు. పక్కింటావిడ తుమ్ముతుంటే మూడిచ్చా. మెట్లు తుడిచే ఆవిడ తలనొప్పికి రెండు. మోకాళ్ళు అలాగే ఉన్నాయి గానీ, నిన్నటి నుంచీ విరేచనాలే ఆగడం లేదురా."

చిన్నవాడు నెత్తి పట్టుకున్నాడు. డాక్టరుకు ఫోన్ చేసి, తల్లి సంగతీ, మందు తిన్న బయటివాళ్ళిద్దరి సంగతీ చెప్పి, చీవాట్లు తిని వచ్చాడు. ఆ తర్వాత అందరినీ కూర్చోబెట్టాడు. ఈ మందు మోకాళ్ళదీ కాదు, జలుబుదీ కాదని చెప్పాడు. అవసరం లేనప్పుడు వాడినా, సగంలో ఆపినా క్రిములు మొండికేసి, రేపు నిజంగా కావలసినప్పుడు మందుకు లొంగవని చెప్పాడు. కోడళ్ళిద్దరూ పది రోజులూ పూర్తి చేసి తీరాలి. తక్కువైనవి కొనుక్కురావాలి. చివరికి ఖాళీ డబ్బాలు రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, అడుగున చీమలంత అక్షరాలు చూపించాడు. తయారుచేసిన ఫ్యాక్టరీ ఒకటే. అతను పనిచేసేదే.

"రెండూ మా రెండో నంబరు మిషన్ మీదే వస్తాయి. పొద్దున నీలి డబ్బాల్లో పోస్తాం, మధ్యాహ్నం తెల్ల డబ్బాల్లో. ఇప్పటికైనా అర్థమైందా?"

అందరూ తలలూపారు. చిన్నవాడు ఉద్యోగంలో చేరాక తన మాట చివరిదాకా విన్న మొదటి సభ ఇదే. ముఖం వెలిగిపోయింది.

"అర్థమైంది," అంది చిన్నకోడలు. "రెండూ ఒకటేనని బావగారికి తెలియదు. తెలియకపోయినా ఆరింతలు పెట్టారు. మీకు తెలుసు. తెలిసి కూడా నాకోసం ఒక్క ఇంత ఎక్కువ పెట్టలేకపోయారు. ఈసారి నాకు నీలి డబ్బానే తెండి."

"నాకు మాత్రం అబ్బాయ్," అంది పెద్దకోడలు వెంటనే, "నువ్వే స్వయంగా వెళ్ళి ఆ తెల్లదే తీసుకురా. మీ అన్నయ్యని పంపితే కొట్టువాళ్ళు మామూలు రకం అంటగడతారు."

చిన్నవాడు నోరు తెరిచాడు. భార్య వైపు చూశాడు, వదిన వైపు చూశాడు, తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. డాక్టరు చీటీ జేబులో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, ఒక్క మాటైనా అనకుండా గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

గొంతు జబ్బు ఆ ఇంట్లో ఇద్దరాడవాళ్ళదే గానీ, మాట పడిపోయింది మాత్రం మందు తెలిసినవాడికి.